చప్పుడు లేకుండా దిగిన దుంగలు

ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందంటే, నాకు రాయడం రాదు కనక. పనిచేసినన్నాళ్లూ సంతకం పెట్టాల్సిన చోటల్లా వేలిముద్ర వేశాను. పని నుంచి దిగిపోయాక మా వార్డులో పెద్దవాళ్ల కోసం బడి పెడితే, ఇంట్లో ఊరికే కూర్చోలేక వెళ్లాను. అక్కడ నేర్పింది కన్నడం. అది కాస్త చేతికి వచ్చాక పక్క వీధిలో ఉండే టీచరమ్మ దగ్గర తెలుగు దిద్దుకున్నాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ల మాదిరి ఉంటాయి. ఇప్పటికీ నా తెలుగు అక్షరాల నెత్తిన కన్నడ తలకట్లు కనబడతాయని టీచరమ్మ నవ్వుతుంది. నవ్వనీ.

అక్షరాలు వచ్చాక కూడా చాలా రోజులు రాయలేదు. నేను రాయాలనుకున్న మనిషి సంగతంతా గొంతులో ఉంది. గొంతును కాగితం మీద ఎట్లా పెట్టాలో టీచరమ్మ కూడా నేర్పలేదు.

మా మేడ మీద అద్దెకుండే అమ్మాయి పునాదుల పనిలో ఇంజనీరు. ఎంత పెద్ద పునాది పైళ్లనైనా ఊరి నడిబొడ్డున, పక్కింట్లో పసిపిల్ల నిద్ర లేవకుండా భూమిలోకి దించే యంత్రాలు వచ్చాయని మొన్న చెప్పింది. మేము యుద్ధం రోజుల్లోనే దించాం అన్నాను. "యంత్రం లేకుండానా అవ్వా?" అని అడిగింది. నమ్మలేదని ముఖమే చెప్పింది. ఆ అమ్మాయి లాంటి వాళ్ల కోసం రాస్తున్నాను.

అప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం నడిచే రోజుల్లో, బెంగళూరులో దండు వైపు, అంటే కంటోన్మెంటులో, ఎక్కడ చూసినా మిలిటరీ లారీలే. దండులో ఒక పెద్ద మిలిటరీ ఆస్పత్రి ఉండేది. దెబ్బలు తగిలిన సిపాయిలు రైళ్ల నిండా వస్తుంటే మంచాలు చాలక, పక్కనే కొత్త వార్డులు కట్టాలనుకున్నారు. ఆ పక్క స్థలం ఒకప్పుడు చెరువు. పూడ్చేసి చాలా ఏళ్లయింది. పైన గడ్డి మొలిచి గట్టినేల మాదిరే కనబడేది కానీ, గడ్డపార వేస్తే అడుగున నల్లటి బురద. బెంగళూరు నేల మామూలుగా గట్టిది. పూడ్చిన చెరువుల్లో మాత్రం కట్టడం కూర్చుంటే కుంగిపోతుంది. అందుకని ఆ బురదను దాటి కింది గట్టి నేల అందేదాకా పెద్ద పెద్ద మానులు దించి, వాటి నెత్తిన కట్టడం నిలబెట్టాలి. వాటిని పైళ్లు అంటారని నాకు తర్వాత తెలిసింది. మేము దుంగలనే అనేవాళ్లం. ఇనుమూ సిమెంటూ యుద్ధానికే పోతుండటంతో మలెనాడు కొండ అడవుల నుంచి చెట్ల దుంగలే వచ్చేవి. ఒక మనిషి కావలించుకుంటే చేతులు కలవనంత లావు.

ఆ దుంగల్ని దించేది మా మోకు గుంపు. ఎత్తైన మూడు కాళ్ల చట్రం, దాని పైన కప్పీ, కప్పీ మీదుగా మోకు. మోకుకు ఒక కొసన ఇనుప గుండు వేలాడుతుంటుంది. రెండో కొసను పాయలు పాయలుగా విడదీసి ఒక్కో పాయ ఒక్కొక్కరి చేతికిస్తారు. అందరూ ఒక్కసారి లాగితే గుండు లేస్తుంది. అందరూ ఒక్కసారి వదిలితే దుంగ నెత్తిన పడుతుంది, దుంగ కొంచెం దిగుతుంది. ఎవరైనా ముందు లాగినా, ఆలస్యంగా వదిలినా ఆ బరువంతా వాళ్ల భుజం మీదికే వస్తుంది. అందుకే పాట. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో పాటే చెబుతుంది.

మా గుంపుకు పాట చెప్పేది పెద్దక్క. ఆమె నాకు సొంత అక్క కాదు. అందరికీ పెద్దక్కే. హిందూపురం దిక్కు మనిషి. పొట్టిగా, గట్టిగా, నెరిసిన జుట్టును నెత్తిన ముడివేసుకుని ఉండేది. వానలు లేని ఏడు మా నాయన నన్ను వెంటబెట్టుకుని అదే దిక్కు నుంచి బెంగళూరు పనికి వచ్చాడు. గుడిసెల్లో జ్వరం వచ్చి పోయాడు. మరునాడు పెద్దక్క వచ్చి ఏమీ అడగకుండా నా చాప చుట్టి చంకన పెట్టుకుని తన గుడిసెలోకి నడిచింది. చాప వెనకే నేనూ నడిచాను. అప్పటి నుంచి ఆమె సంగటి కెలికితే నేను ఊరుబిండి పచ్చడి నూరేదాన్ని. మోకు దగ్గర ఆమె ముందు నిలబడేది, ఆమె వెనక పాయ నాది. పని మొత్తం ఆమె వీపు చూస్తూ చేశాను. ముఖం కంటే ఆ వీపే నాకు బాగా గుర్తు.

ఆమె పాటకు ఒకటే పల్లవి. "చెరువడుగున ఏముండాదో" అని ఆమె ఎత్తుకుంటే మేము లాగుతూ "చూసి" అని, "రా" అన్న మాట మీద వదిలేవాళ్లం. గుండు పడేది. మిగతాదంతా ఆమె అప్పటికప్పుడు కట్టేది.

"ముత్యాలుండాయేమో, చూసిరా.
మొసలి పండుకోనుండాదేమో, చూసిరా.
మేస్త్రి పోగొట్టుకున్న సిగ్గుండాదేమో, చూసిరా."

మేస్త్రి మా దిక్కువాడే. మీసం పెద్దది, గొంతు చిన్నది. "నా మాట లేకుండా నీకు పాటే రాదా మే?" అనేవాడు.

"నిన్నేమన్నానప్పా? నీది ఏందో పోయిందని వెతికిపెడతాండాను. మంచికి కాలం లేదు," అనేది ఆమె.

గుంపంతా నవ్వేది. ఆ నవ్వులో గుండు ఇంకొంచెం తేలిగ్గా లేచేది.

ఆ పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆస్పత్రి నుంచి పెద్ద నర్సమ్మ వచ్చింది. మంగళూరు ఆవిడ, కన్నడంలో మాట్లాడేది. కంచెకు దగ్గరగా ఉన్న వార్డులో బర్మా నుంచి వచ్చిన సిపాయిలు ఉన్నారనీ, వాళ్లకు పైకి కనబడే గాయాలు లేవనీ, బాంబుల మధ్య ఉండి ఉండి మనసు చెదిరిపోయిందనీ చెప్పింది. చిన్న చప్పుడుకే వణికే వాళ్ల పక్కన రోజంతా ఈ దెబ్బలేమిటని మా పని చూసే ఇంజనీరయ్యను అడిగింది.

ఇంజనీరయ్య వయసులో చిన్నవాడు. ఎండ లేకపోయినా చేతిలో గొడుగు ఉండేది. మంచి మనిషే, కానీ పైనుంచి అధికారులు తరుముతున్నారు. ఆయన మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి మా దగ్గరికి వచ్చాడు.

"రేపట్నుంచి పాట లేదు," అన్నాడు.

"గుండు ఉండాదా?" అని అడిగింది పెద్దక్క.

"ఉండాది."

"గుండుకేమి చెప్పినారు? మెల్లగా పడమనా?"

"దెబ్బ లేకుంటే పని కాదు, పాట లేకున్నా అవుతాది అన్నాడు ఇంజనీరయ్య."

"ఆయప్పకెవరు చెప్పినారు, అవుతాదని?"

మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మరునాడు ఆయన ఎత్తు మీద నిలబడి తువ్వాలు పైకెత్తాడు. తువ్వాలు లేస్తే లాగాలి, దించితే వదలాలి. ముందున్న వాళ్లకు తువ్వాలు కనబడింది. వెనక ఉన్న వాళ్లకు ముందున్న వాళ్ల వీపులే కనబడ్డాయి. కొందరు లాగాక కొందరు లాగారు. గుండు సగం లేచి ఆగి, అడ్డదిడ్డంగా పడింది. ఒక్కోసారి వెంటవెంటనే రెండు దెబ్బలు, ఒక్కోసారి ఎంతసేపటికీ ఒక్కటీ లేదు. గుంపులో ఒకామె భుజం పట్టేసి పని మానుకుని కూర్చుంది. పొద్దు తిరగకముందే నర్సమ్మ మళ్లీ వచ్చింది. సిపాయిలు మంచాల కిందికి దూరి బయటికి రావడం లేదని చెప్పింది. ఈసారి గొంతు కూడా పెంచలేదు. ఆవిడ కళ్లు చూసి ఇంజనీరయ్య పని ఆపేయించాడు.

కొన్నాళ్లు మేము మట్టి మోశాం. ఆ తర్వాత ఒక బండి వచ్చింది. దాని మీద రెండు వైపులా పొడవాటి పిడులున్న చేతి పంపు, సన్నమూతి ఇనుప గొట్టాలు ఉన్నాయి. దుంగను కొట్టడం లేదు, నీళ్లతో దించుతాం అన్నాడు ఇంజనీరయ్య. మేస్త్రి మీసం దువ్వుకుంటూ, "నీళ్లు పోస్తే మొలకెత్తుతాదేమో సారూ," అన్నాడు.

మొలకెత్తలేదు. దుంగకు రెండు పక్కలా గొట్టాలు కట్టి, సన్నమూతులు దుంగ కాలి దగ్గరికి వచ్చేట్టు పెట్టారు. దుంగ నెత్తిన పలక వేసి ఇసుక మూటలు ఎత్తారు. మెడకు ఇనుప పట్టా బిగించి, దానికి పొడవాటి కర్ర బాదులు అడ్డంగా దూర్చారు. పంపు కొడుతుంటే నీళ్లు కింద దుంగ కాలి దగ్గర చిమ్మి బురదను వదులు చేస్తాయి. ఆ వదులు బురద దుంగ పక్కల నుంచి పైకి తేలుతుంది. బాదులు పట్టుకున్న వాళ్లు దుంగను గానుగ మాదిరి చుట్టూ తిప్పకుండా, కొంచెం ఇటు, కొంచెం అటు కదుపుతుంటారు. అట్లా కదులుతుంటే మట్టి దుంగను పట్టుకోలేదు. పైన మూటల బరువు ఉండనే ఉంది. మొదటి దుంగ దిగుతున్నప్పుడు నేను చూస్తూ ఉండిపోయాను. వేడి సంగటిలోకి వేలు దిగినట్టు దిగింది. గొట్టం బుసబుస, బురద గుడగుడ తప్ప ఇంకో చప్పుడు లేదు. కంచె అవతల ఆస్పత్రి వరండాలో నర్సమ్మ నిలబడి రెండు చేతులూ జోడించింది.

నేనూ సంతోషించాలి. కొంచెం సంతోషించాను కూడా. కానీ ఆ పనికి అంతమంది అక్కర్లేదు. పంపు దగ్గర కొందరు, బాదుల దగ్గర కొందరు చాలు. ఇంజనీరయ్య చెప్పిన ప్రకారం మేస్త్రి మనుషుల్ని ఏరాడు. మోకు మీద ఒక్క ఊపున లాగే బలం కావాలి. పంపుకు ఊపు పనికిరాదు, నిదానం కావాలి. నా చెయ్యి నిదానం అని నన్ను పంపు పిడికి పెట్టారు. పెద్దక్కను పెట్టలేదు. ఆమెకూ మోకు గుంపులో మిగిలిన వాళ్లకూ మట్టి తట్టలు మిగిలాయి. ఈ పని ముగిశాక వాళ్లంతా యలహంక పోవాలని, అక్కడ విమానాలు దిగే బయలు కోసం కంకర కొట్టే పని ఉందని మేస్త్రి చెప్పాడు. నీళ్ల పని వాళ్లు మాత్రం ఇంజనీరయ్య వెంట ఇంకో చోటికి వెళతారు.

ఆ రోజు మధ్యాహ్నం చట్రం నీడలో కూర్చుని తింటున్నప్పుడు నేను ముద్దను ఆకులోనే అటూ ఇటూ తిప్పుతున్నాను.

"ఏమే, ముద్దలో రాయి పడిందా?" అంది పెద్దక్క.

"నేనూ యలహంక వస్తాను."

"వచ్చి?"

"నీ కాడ ఉంటాను."

"కంకర కొట్టేకాడ నేను పాట పాడను. దుమ్ము నోట్లోకి పోతాది. నువ్వు వచ్చి ఏం వింటావు?" అని నా ఆకులో ఇంకో గరిటె అనపగింజల పులుసు వేసింది. "తిను. ఇంకా దినాలుండాయి."

ఆమె అట్లా అన్నప్పుడు ఏదో ఒకటి అడ్డుపడుతుందనీ, మేమిద్దరం ఒక్క గుంపులోనే ఉంటామనీ నాకు నమ్మకం కలిగింది. అడ్డుపడింది కూడా. దుంగలన్నీ దాదాపు దిగాక ఇంజనీరయ్య నీళ్లు ఆపించాడు. ఏ దుంగనూ అడుగు దాకా దించలేదు. చివరి కొద్ది అడుగులు అట్లాగే వదిలేశాడు. మేస్త్రి ఎందుకని అడిగితే గొడుగు కొసతో నేల మీద గీసి చూపించాడు. నీళ్లు దారి చేస్తాయి గానీ, నీళ్లు తగిలిన చోట మట్టి వదులవుతుంది. దుంగ కాలు వదులు మట్టిలో నిలబడితే రేపు వార్డు కుంగుతుంది. కాబట్టి చివరి అడుగులు నీళ్లు లేకుండా, దెబ్బలతోనే దిగాలి. దెబ్బ వేస్తే ఇక దిగనంత గట్టిగా కూర్చోవాలి.

అంటే మళ్లీ గుండు కావాలి. గుండు కావాలంటే మోకు గుంపు కావాలి. నా ఆశంతా ఆ చివరి అడుగుల మీదే పెట్టుకున్నాను.

ఇంజనీరయ్య నర్సమ్మను కంచె దగ్గరికి పిలిపించాడు. ఒక్క రోజు చాలు, అన్ని దుంగలూ ఒక్క రోజులోనే ముగిస్తాం, ఆ రోజుకు సిపాయిల్ని ఎక్కడికైనా తీసుకెళ్లండి అన్నాడు. తీసుకెళ్లడానికి చోటు లేదంది నర్సమ్మ. మేము తట్టలు పట్టుకుని కాస్త దూరంలో నిలబడి ఉన్నాం. ఆవిడ పెద్దక్క వైపు చూసింది.

"ఆ అమ్మ పాడుతుందా?" అని అడిగింది.

"లేదు, పాట ఉండదు. చప్పుడు ఎంత తక్కువ చేయగలిగితే అంత," అన్నాడు ఇంజనీరయ్య.

"అదే వద్దంటున్నాను. మొదట్లో ఆమె పాడుతున్నప్పుడు వాళ్లు బెదిరిపోయినా మంచాల మీదే ఉండేవాళ్లు. పాట ఆపిన రోజునే కిందికి దూరారు. దెబ్బ కాదు వాళ్లను చంపేది, ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం. ఆమె పాడితే తెలుస్తుంది. మీరు ఆపాల్సింది ఒకటి, ఆపింది ఇంకొకటి."

ఇంజనీరయ్య గొడుగు మూశాడు. "నా చేతిలో ఆపగలిగింది అదొక్కటే ఉండిందమ్మా. అందుకని అదే ఆపాను," అని నవ్వాడు. నర్సమ్మ కూడా నవ్వింది. పెద్దక్క నవ్వలేదు. తట్ట కింద పెట్టి, "ఆ బిడ్డలకు నా మాటలు తెలుస్తాయా అమ్మా?" అని అడిగింది.

"తెలియవు. వాళ్లలో ఎక్కడెక్కడి వాళ్లో ఉన్నారు."

"అట్లయితే వాళ్లను బయట కూర్చోబెట్టండి. గుండు కండ్లబడనీండి. మాట తెలీకపోయినా మోకు తెలుస్తాది."

ఆ రోజు మబ్బు పట్టి చల్లగా ఉంది. నడవగలిగిన సిపాయిల్ని నర్సమ్మ వరండాలోకి తెచ్చింది. నీలం చారల బట్టల్లో గోడకు ఆనుకుని కూర్చున్నారు. కొందరు మోకాళ్ల మధ్య తల దాచుకున్నారు. ఒకాయన రెండు చెవులూ మూసుకుని మమ్మల్నే చూస్తున్నాడు. మేము మా పాయలు పట్టుకున్నాం. నా ముందు పెద్దక్క వీపు.

ఆమె వెంటనే పని మొదలుపెట్టనివ్వలేదు. ముందు గుండు లేపకుండా ఒట్టి పాట పాడింది. మేము మోకు లాగకుండా "చూసిరా" అన్నాం. ఏమీ పడలేదు. మళ్లీ పాడింది, మళ్లీ ఏమీ పడలేదు. మేస్త్రి ఇంజనీరయ్య వైపు చూశాడు. ఇంజనీరయ్య ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపాడు. అట్లా పాట వాళ్లకు అలవాటయ్యేదాకా పాడింది. తర్వాత చెవులు మూసుకున్న ఆయన వైపు తిరిగి, పసిపిల్లలకు చూపించినట్టు మోకును చూపించింది. గుండును చూపించింది. ఎత్తుకుంది.

"చెరువడుగున ఏముండాదో..."

లాగాం. "రా" మీద వదిలాం. గుండు పడింది. వరండాలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి వణికారు. ఒకతను లేచి లోపలికి పరుగెత్తబోతే నర్సమ్మ పట్టుకుంది. పెద్దక్క ఆగలేదు, తొందరపడలేదు. ప్రతి పాదమూ అంతే పొడవు, అంతే ఎత్తు. రెండో దుంగ దగ్గరికి వచ్చేసరికి వాళ్లు వణకడం తగ్గింది. పాట పైకి పోతుంటే భుజాలు బిగించుకుని, దెబ్బ పడ్డాక వదులు చేసుకుంటున్నారు. మేము చేసేదీ అదే. మోకు లేకుండా వాళ్లు మాతో కలిసి లాగుతున్నట్టే ఉంది.

మధ్యాహ్నం దాటాక చెవులు మూసుకున్న ఆయన చేతులు దించాడు. ఇంకాసేపటికి ఆయన పెదాలు కదిలాయి. ఏ దేశం మనిషో, ఏ భాష మనిషో. "రా" అన్నాడు. పక్కనున్న వాళ్లలో ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. ఆ తర్వాత దెబ్బ పడిన ప్రతిసారీ కంచె అటు నుంచి కూడా "రా" అని వినబడింది. మేస్త్రి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "నన్ను పాటలో పెట్టు మే, ఫరవాలేదు," అన్నాడు. ఆమె పెట్టింది. మీసం, సిగ్గు, ఇంట్లో భార్య ముందు నిలబడే తీరు, అన్నీ పెట్టింది. మా నవ్వు చూసి వరండాలో వాళ్లూ నవ్వారు. దేనికో వాళ్లకు తెలియదు.

చివరి దుంగ దగ్గరికి వచ్చేసరికి పెద్దక్క గొంతు పోయింది. మాట గాలిగా వస్తోంది. నేను ఆమె వెనకే ఉన్నాను కాబట్టి ఆ గాలి వినబడింది. వెనక వాళ్లకు వినబడలేదు. వాళ్లు వరండాలో సిపాయిల "రా" విని వదిలారు. ఇంజనీరయ్య దుంగ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దుంగ ఎంత దిగిందో తెలియడానికి దాని మీద గీసిన గుర్తు చూశాడు. గుండు పడింది, గుర్తు కదల్లేదు. ఇంకో దెబ్బ. కదల్లేదు. లేచి చెయ్యి అడ్డంగా ఊపాడు. పని అయిపోయింది.

అప్పుడు నేను చేయాల్సింది చేశాను. మోకు వదిలేసి నేరుగా ఇంజనీరయ్య దగ్గరికి వెళ్లి, తర్వాతి చోట కూడా చివరి అడుగులకు మోకు గుంపు కావాలి కదా సారూ అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఆడించాడు. అక్కడ పక్కన ఆస్పత్రి లేదు, చివరి దెబ్బలకు ఆవిరితో లేచే గుండు తెస్తున్నారు అన్నాడు. నా ముఖం చూసి ఏమనిపించిందో, పెద్దక్కను పిలిచాడు.

"అమ్మా, నీకు నీళ్ల పనిలో ఒక చోటు ఇస్తాను. కూడా రా," అన్నాడు.



ఆమెకు గొంతు లేదు. మోకు చుడుతున్న గుంపు వైపు చేత్తో చూపించి, గాలి మాటతో అడిగింది. "వీళ్లు?"

"అందరికీ లేదమ్మా."

"అట్లయితే నాకెందుకయ్యా. నేను లేకపోతే వీళ్లు యాడికాడికి చెదిరిపోతారు. యలహంకలో మేస్త్రీలు మంచోళ్లు కాదంట." తర్వాత నా వైపు చూడకుండానే అంది, "ఇది మాత్రం నీ కాడే ఉంటాది. చెయ్యి నిదానం."

నేను ఉండనన్నాను. ఆమె వెళ్లి గుంపుతో కలిసి మోకు చుట్టసాగింది. గొంతు పోయిన మనిషితో పోట్లాడటం ఎట్లాగో నాకు తెలియలేదు.

నేను ఆ ఇంజనీరయ్య వెంట చాలా చోట్ల పనిచేశాను. ఆయన పెద్ద అధికారి అయ్యాక నాకూ సర్కారు పని పర్మనెంటు అయింది. ఈ ఇల్లూ, ఈ మోకాళ్లకు మందులూ, బడికి పోగలిగిన తీరికా అన్నీ ఆ పంపు పిడి నుంచి వచ్చినవే. పెద్దక్క సరిగ్గానే చెప్పిందని అందరూ అంటారు. నేనూ అంటాను. మొదటి సెలవు దొరికినప్పుడు యలహంక వెళ్లాను. అప్పటికి ఆ కంకర పని వాళ్లు ఇంకెక్కడికో వెళ్లిపోయారు. చిక్కబళ్లాపురం అని ఒకరు, తుమకూరు అని ఒకరు చెప్పారు. రెండు చోట్లా తిరిగాను. తర్వాత ఏ పనికి పోయినా నెరిసిన ముడి కనబడితే ముందుకు వెళ్లి ముఖం చూసేదాన్ని. ఇప్పుడు బతికి ఉండే వయసు కాదు. అయినా ఆ అలవాటు పోలేదు.

ఆమె కట్టిన పాదాలు కొన్ని పైన రాశాను. చదివితే చప్పగా ఉన్నాయి. టీచరమ్మ బాగున్నాయంది, కానీ ఆవిడ వినలేదు కదా. రోజంతా ఆమె పాడింది నాకు ఇంకా చెవుల్లో ఉంది. కాగితం మీదికి మాటలే వచ్చాయి, ఆమె రాలేదు. మేడ మీది అమ్మాయీ, నీ యంత్రం మంచిదే. పసిపిల్లలు నిద్రపోవాలి, చెదిరిన మనుషులు నెమ్మదిగా ఉండాలి. చప్పుడు లేకుండా దించండి. మేము మొదటి దుంగను అట్లా దించినప్పుడు నర్సమ్మ చేతులు జోడించింది, అది నేను మరిచిపోలేదు. ఆ పక్కనే తట్ట పట్టుకుని నిలబడిన మనిషి కూడా నాకు గుర్తుంది, అంతే.

చివరి దుంగ దిగిన మరునాడు తెల్లవారి నేను లేచేసరికి గుడిసెలో ఆమె చాప లేదు. నా చాప చుట్టి చంకన పెట్టుకుని, లారీ ఎక్కించే కూడలికి పరుగెత్తాను. గుంపంతా లారీలో ఉంది. పెద్దక్క వెనక పలక దగ్గర కూర్చుని ఉంది. నేను పలక పట్టుకుని కాలు పైకి పెట్టాను. ఆమె వంగి, నా వేళ్లను ఒక్కొక్కటిగా పలక నుంచి విడదీసింది. గట్టిగా కాదు. నిదానంగా. లారీ కదిలింది. దుమ్ము అణిగేదాకా నిలబడి, తర్వాత ఇంజనీరయ్య కొత్త చోటు ఎక్కడో అడుక్కుంటూ నడిచాను. వెళ్లేసరికి పంపును బండి మీద నుంచి దించి గొట్టాలు బిగించేశారు. నా పిడికి ఎదురు పిడి దగ్గర ఎవరో కొత్తామె నిలబడి ఉంది. చాప ఒక పక్కన పెట్టి వెళ్లి నిలబడ్డాను. ఆమె తన పిడి కిందికి నొక్కింది. నాది పైకి లేచింది. నేను నొక్కాను.